మందు పనిచేయట్లేదా, ఊపిరితిత్తికి చేరట్లేదా?

(పిల్లల ఆయాసం గురించి తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తల కోసం పిల్లల ఊపిరితిత్తుల వైద్య నిపుణులొకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకెళ్ళక్కర్లేదు. ఈరోజు మాటలన్నీ వాళ్ళ గురించే కదా.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది అనే మాట ఒకటుంది. "ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నామండీ, అయినా తగ్గట్లేదు." ఆ మాట వినగానే ఏం చేయాలి? మందు మార్చాలా? డోసు పెంచాలా? సీటీ స్కాన్ రాయాలా? ఇవేవీ కాదు. ముందు అనాల్సిన మాట, "ఏదమ్మా, ఎలా ఇస్తున్నారో ఒకసారి చేసి చూపించండి." అంతే. మందు పనిచేయకపోవడం వేరు, మందు ఊపిరితిత్తి దాకా చేరకపోవడం వేరు. స్పెషలిస్టు డాక్టరు మొదట తేల్చాల్సింది ఇదే. చేరుతోందని తేలాక, అప్పటికీ తగ్గకపోతే, అసలు ఇది ఉబ్బసమేనా అని వెతుకుతాం. ఈ వరస తప్పితే పిల్లకి అక్కర్లేని పరీక్షలు, మీకు అక్కర్లేని ఖర్చు.

సరే, అసలు ఆయాసం ఉందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? లెక్కపెట్టాలి. చొక్కా పైకెత్తండి, పొట్ట మీద కళ్ళు పెట్టండి, ఫోన్లో టైమర్ పెట్టండి. పూర్తిగా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు. చంటిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. జ్వరం ఉంటే తగ్గాక మళ్ళీ ఒకసారి చూడండి. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, ఆపైన ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. అంతకి చేరినా, దాటినా అది వేగంగా పీల్చడమే. ఆశా అక్కలకి ఈ అంకెలు కంఠస్థమే, నాకు తెలుసు. అమ్మలకి కూడా రావాలి. ఏమ్మా, ఎనిమిది నెలల పిల్లాడికి ఎంత? యాభై. అంతే.

అంకెతో పాటు చూడాల్సింది డొక్కలు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పైకి రావాలి. దానికి బదులు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, అది ఇంట్లో ఉంచి చూసే కేసు కాదు. ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు, పాలు తాగలేకపోవడం, పెదాలు నీలిరంగుకి తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే బయల్దేరడమే.

ఇక శబ్దం సంగతి. మనవాళ్ళు ఛాతీలో ఏ చప్పుడొచ్చినా పిల్లికూతలు అనేస్తారు. ముక్కులో, గొంతులో కఫం గుర్రుగుర్రుమంటే అది పిల్లికూత కాదు. అది చెయ్యి వేస్తే వీపు మీద తెలుస్తుంది, దగ్గగానే చోటు మారుతుంది. అసలు పిల్లికూత సన్నటి ఈల, ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు. పీల్చేటప్పుడు కీచుమని వస్తే అది గొంతుకి, శ్వాసనాళం పైభాగానికి సంబంధించింది, దాని వైద్యం వేరే. రాత్రి రెండు గంటలకి వచ్చిన చప్పుడు పొద్దున్న డాక్టరు ముందు ఉండదు కదా, మరి ఎలా? ఫోన్లో వీడియో తీయండి. చొక్కా తీసి, లైటు వేసి, పొట్ట, ఛాతీ, ముఖం కనపడేలా, చప్పుడు వినపడేలా అర నిమిషం చాలు. ఆ అర నిమిషం వీడియో మాకు మీ పది నిమిషాల వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మందుల దగ్గరికొద్దాం. "ఇన్‌హేలర్ పవర్‌ఫుల్ కదండీ, చిన్నపిల్లకి ఎందుకు, సిరప్ రాయండి" అంటారు. పవర్ ఎందులో ఎక్కువో లెక్క వేద్దామా? సాల్బుటమాల్ అంటే ఊపిరి గొట్టాలు తెరిచే మందు. దాని ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో, అంటే ఒక్కసారి నొక్కితే, వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే సాల్బుటమాల్ సిరప్, మామూలుగా దొరికేది, 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు. అంటే 2000 మైక్రోగ్రాములు. ఒక చెంచా సిరప్ ఇరవై పఫ్‌లతో సమానం! ఇరవై. పైగా ఆ చెంచాడు మందు కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, ఆ తర్వాతే ఊపిరితిత్తికి కాస్త అందుతుంది. అందుకే సిరప్ తాగిన పిల్లాడికి చేతులు వణుకుతాయి, గుండె దడదడమంటుంది, రాత్రంతా నిద్రపోడు. ఆయాసం మాత్రం ఆలస్యంగా తగ్గుతుంది. ఇన్‌హేలర్ అయితే నిమిషాల్లో.

అయితే ఒక షరతు. ఇన్‌హేలర్‌కి స్పేసర్ ఉండాలి. ఇదిగో, ఇది స్పేసర్. ఒట్టి గొట్టంలా కనిపిస్తుంది, నిజమే. ఇన్‌హేలర్ నొక్కగానే మందు చాలా వేగంగా వస్తుంది. నేరుగా నోట్లో కొడితే ఎక్కువ భాగం నాలుక మీద, గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలి, అది పెద్దవాళ్ళలోనే చాలామందికి కుదరదు. స్పేసర్‌లో ఆ వేగం తగ్గుతుంది, మందు కాసేపు గాలిలో తేలుతూ ఉంటుంది, పిల్ల తన తీరున పీల్చుకుంటుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలకి మాస్కు ఉన్న స్పేసర్. నోటితో గట్టిగా పట్టుకుని పీల్చడం వచ్చాక మాస్కు తీసేయాలి. పెద్దపిల్లకి కూడా మాస్కు పెడుతూ ఉంటే మందులో కొంత ముక్కులోనే మిగిలిపోతుంది.

చేసి చూపిస్తాను, చూడండి. మూత తీశాను. మూత తీయకుండా నొక్కేవాళ్ళున్నారు, నవ్వకండి, నిజం. ఐదారుసార్లు బాగా ఊపాను. స్పేసర్ వెనక రంధ్రంలో పెట్టాను, డబ్బా నిటారుగా ఉంది, పడుకోబెట్టలేదు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మాస్కు ముక్కునీ నోటినీ కలిపి మూసేలా ఆనించాను. సందు ఉండకూడదు. ఇప్పుడు ఒక్కసారి నొక్కాను. ఒక్కసారే. మాస్కు కదపకుండా ఐదారు ఊపిర్లు, దాదాపు పది సెకన్లు. వాల్వు ఆడుతుంటే చిన్న టిక్కు టిక్కు చప్పుడు, లేదంటే లోపలి పొర కదలిక కనిపిస్తుంది, అదే లెక్క. తీశాను. రెండో పఫ్ కావాలా? అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి, మళ్ళీ ఒక్కసారి.

ఎక్కడ తప్పుతుంది? మొదటిది, "రెండు పఫ్‌లు" అని రాస్తే టక్‌టక్ అని రెండూ ఒకేసారి కొట్టేయడం. అప్పుడు తుంపర్లు ఒకదానికొకటి అంటుకుని పెద్దవై గొట్టం గోడకి అతుక్కుంటాయి. రెండు కొట్టినా ఒకటి కూడా పూర్తిగా అందదు. రెండోది, ముందు నొక్కి తర్వాత మాస్కు పెట్టడం. మూడోది, మాస్కుని ముఖానికి కొంచెం దూరంగా పట్టుకోవడం, పిల్ల ఏడుస్తుందని. ఏడుపు సంగతీ చెబుతాను. "ఏడిస్తే గట్టిగా పీలుస్తుంది కదా, మందు బాగా వెళ్తుంది" అనుకుంటారు. కాదండీ. ఏడుపంటే పొడుగ్గా ఊపిరి వదలడం, మధ్యలో టక్కున ఒక చిన్న పీల్పు. ఆ వేగానికి మందు గొంతులోనే కొట్టుకుంటుంది. కాబట్టి ఆయాసం లేని రోజుల్లో ఒట్టి స్పేసర్‌ని ఆటవస్తువులా ఇవ్వండి, బొమ్మకి పెట్టించండి, అమ్మ తన ముఖానికి పెట్టుకుని చూపించాలి. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

స్పేసర్ కడగడం చాలామందికి ఎవరూ చెప్పరు. రెండు వారాలకో నెలకో ఒకసారి విడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసి ముంచి తీయండి. గుడ్డతో తుడవకండి! తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు పుడుతుంది, మందుని గోడలు లాగేసుకుంటాయి. అలాగే నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. పగిలినా, వాల్వు బిగుసుకుపోయినా మార్చేయాలి.

స్పేసర్ లేదు, రాత్రయింది, ఊళ్ళో దొరకదు, అప్పుడు? అర లీటరు నీళ్ళ సీసా. అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, సందు లేకుండా అంటించి, మూతి వైపు నుంచి పీల్చాలి. 1999లో దక్షిణాఫ్రికాలో దీన్ని పిల్లల మీద పోల్చి చూశారు. సందులు మూసిన 500 మిల్లీలీటర్ల సీసా, కొన్న స్పేసర్‌కి దీటుగా పనిచేసింది. సందులు మూయనిది అంతకంటే తక్కువ. టీ తాగే కప్పులాంటిది అన్నిటికంటే తక్కువ. కాబట్టి కప్పు వద్దు, సీసా చాలు, సందు మూయడమే కీలకం.

డబ్బాలో మందు ఉందా అయిపోయిందా? నీళ్ళలో వేసి తేలిందా మునిగిందా అని చూడటం నమ్మదగ్గ పద్ధతి కాదు. కొన్నింటికి అంకెలు చూపే కౌంటరు ఉంటుంది. లేకపోతే లెక్క వేయండి. 200 పఫ్‌ల డబ్బా, రోజుకి నాలుగు పఫ్‌లు, యాభై రోజులు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాసేయండి. మందు అయిపోయినా గ్యాస్ ఇంకా బుస్సుమంటూనే ఉంటుంది, మోసపోవద్దు.

నెబులైజర్ గురించి తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. మిషను పెద్దది, పొగ కనపడుతుంది, చప్పుడొస్తుంది, అందుకని నమ్మకం. మామూలు ఆయాసానికి స్పేసర్‌తో ఇన్‌హేలర్ నెబులైజర్‌కి ఏమాత్రం తీసిపోదు. తొందరగా అయిపోతుంది, కరెంటు అక్కర్లేదు, బస్సులోనూ ఇవ్వొచ్చు. నెబులైజర్ అవసరం తీవ్రమైన అటాక్‌లో, ఆక్సిజన్‌తో కలిపి ఇవ్వాల్సి వచ్చినప్పుడు. గొట్టాన్ని ముక్కు దగ్గర ఊరికే పట్టుకుని పొగ తగిలిస్తుంటారు చూడండి, దానివల్ల మందు గదికే వెళ్తుంది. ఇక క్యాప్సూల్ పగలగొట్టి పీల్చే పొడి పరికరం, రోటాహేలర్ అంటామే, అది చవక, బాగానే పనిచేస్తుంది, కానీ గట్టిగా, లోతుగా లాగే శక్తి ఉండాలి. ఐదారేళ్ళ లోపు పిల్లలకి కుదరదు, అటాక్‌లో ఉన్న పిల్లకి అసలే కుదరదు. వానాకాలంలో స్ట్రిప్ ముందే తెరిచి పెడితే పొడి చెమ్మగిల్లి ముద్దవుతుంది. వాడేటప్పుడే ఒక్కో క్యాప్సూల్ తీయండి.

రెండు రకాల ఇన్‌హేలర్లున్నాయి, ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టండి. ఒకటి అప్పటికప్పుడు గొట్టాలు తెరిచేది, సాల్బుటమాల్. రెండోది గొట్టాల లోపలి వాపుని తగ్గించేది, బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. మొదటిది వేస్తే పది నిమిషాల్లో హాయి, అందుకని అందరికీ ఇష్టం. రెండోది ఈరోజు వేస్తే ఈరోజేమీ తెలియదు, అందుకని పదిహేను రోజులకే మానేస్తారు. కానీ మళ్ళీ మళ్ళీ ఆసుపత్రి పాలు కాకుండా కాపాడేది రెండోదే. వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ సాల్బుటమాల్ అవసరమవుతోందంటే, వాపు లోపల అలాగే ఉందని అర్థం.

"స్టెరాయిడ్ కదా, అలవాటైపోతుందేమో, ఎదుగుదల ఆగిపోతుందేమో." ఈ భయాన్ని తీసిపారేయను, అడగాల్సిన ప్రశ్నే. ఇన్‌హేలర్‌కి అలవాటు పడటమనేది లేదు. ఎదుగుదల మీద కొంచెం ప్రభావం ఉంది. అమెరికాలో 5 నుంచి 13 ఏళ్ళ పిల్లలకి రోజుకి 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ నాలుగేళ్ళకి పైగా ఇచ్చి, వాళ్ళు పెద్దయ్యాక ఎత్తు కొలిచారు. 2012లో ఫలితాలు వచ్చాయి. తేడా సగటున 1.2 సెంటీమీటర్లు. మొదటి ఏడాది రెండేళ్ళలో వచ్చిన తేడా అది, ఏటేటా పెరుగుతూ పోలేదు. చాలామంది పిల్లలకి మేమిచ్చే డోసు అందులో సగమో, ఇంకా తక్కువో. మరోవైపు చూడండి, ఏడాదికి నాలుగుసార్లు అటాక్ వచ్చి ప్రతిసారీ నోటి స్టెరాయిడ్ తాగే పిల్ల సంగతి? వేసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మించండి, మాస్కు వాడితే ముఖం తుడవండి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. "మాకు మాత్రే బాగుందండీ, మాంటెలుకాస్ట్" అనేవాళ్ళకి ఒక మాట: పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు రావచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ దాని మీద తీవ్ర హెచ్చరిక పెట్టింది. వాడకూడదని కాదు, వాడుతుంటే పిల్ల తీరు గమనించండి, మారితే ఆపి డాక్టరుకి చెప్పండి.

అటాక్ వచ్చింది. ఇంట్లో ఏం చేయాలి? ఐదేళ్ళలోపు ఉబ్బసం పిల్లకి సాల్బుటమాల్ రెండు పఫ్‌లు, ఒక్కొక్కటిగా, స్పేసర్‌తో. ఇరవై నిమిషాల తర్వాత చూడండి, తగ్గకపోతే మళ్ళీ రెండు, ఇంకో ఇరవై నిమిషాలకి మళ్ళీ రెండు. మొదటి రెండు గంటల్లో ఆరు పఫ్‌లు మించి అవసరమైతే, ఆసుపత్రికి. దారిలో కూడా ఇస్తూ వెళ్ళండి, ఆపొద్దు. పెద్దపిల్లలకి ఎన్ని అన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని, ఒక కాపీ స్కూల్లో టీచరు దగ్గర ఉంచండి. ఇంకొకటి, చాలా ముఖ్యం. కూత ఉన్నట్టుండి ఆగిపోయింది, పిల్లాడు మాత్రం నీరసంగా, మగతగా, మాట్లాడలేకుండా ఉన్నాడు. తగ్గిందనుకుంటారు. తగ్గలేదు! గాలి ఆడటమే ఆగిపోతోంది, కూత రావడానికి కూడా గాలి లేదు. అంతకంటే ప్రమాదం లేదు.

అన్నీ సరిగ్గా చేసినా తగ్గకపోతే

పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా తగ్గలేదు. అప్పుడు ఇది ఉబ్బసం కాదేమో అని చూడాలి.

అన్నిటికంటే ముందు, గింజ. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు. పల్లీ, శనగ, బఠాణీ, సీతాఫలం గింజ, చింతపిక్క. ఆడుతూ నవ్వుతూ నోట్లో వేసుకున్నది ఊపిరి గొట్టంలోకి జారుతుంది. మొదట ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరి, ఎడతెగని దగ్గు. తర్వాత? ఏమీ ఉండదు. గంటలు, ఒక్కోసారి వారాలు. గింజ కింద గొట్టంలో సర్దుకుంటుంది, ఇంట్లోవాళ్ళు మరిచిపోతారు. ఆ తర్వాత ఒకవైపే కూత, ఒకే చోట మళ్ళీ మళ్ళీ నిమ్ము. సైకిలు ట్యూబు వాల్వులాగా గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు, ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బిపోతుంది. ఎక్స్‌రేలో గింజ కనపడదు, అది ఇనుప మేకు కాదు కదా. ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపేయకూడదు. ఆరోజు ఉక్కిరిబిక్కిరి అయ్యాడన్న ఒక్క మాట మీదే బ్రాంకోస్కోపీకి తీసుకెళ్తాం, మత్తిచ్చి, గట్టి గొట్టంతో చూసి పట్టుకారుతో తీస్తాం.

కళ్ళముందే గొంతుకి అడ్డం పడితే? గట్టిగా దగ్గుతున్నంతసేపూ దగ్గనివ్వండి. దగ్గలేక, గొంతు పెగలక ఉంటే, ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా వేసుకుని భుజాల మధ్య ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ ఎముక మీద ఐదు నొక్కులు. ఏడాది దాటితే వీపు దెబ్బల తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి నొక్కాలి. కనపడని దానికోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి తోస్తారు.

రెండోది, తడి దగ్గు. నాలుగు వారాలు దాటి రోజూ కఫంతో దగ్గుతుంటే అది ఉబ్బసం లక్షణం కాదు. కొందరిలో గొట్టాల్లో నిలిచిపోయిన బ్యాక్టీరియా వల్ల, రెండు వారాల సరైన యాంటీబయాటిక్‌తో పోతుంది. పోలేదంటే లోతుగా చూడాలి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నది తప్పకుండా చెప్పండి, దాయొద్దు. చిన్నపిల్లలు కళ్ళె ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే పొద్దున్నే పరగడుపున ముక్కు గొట్టం ద్వారా కడుపులోంచి తీసి సీబీనాట్‌కి, అంటే టీబీ క్రిమిని పట్టే పరీక్షకి, పంపుతాం. చూడ్డానికి బాధగా ఉంటుంది, కానీ పిల్లల్లో నమూనా దొరికే ముఖ్యమైన దారుల్లో అదొకటి.

పుట్టిన రోజునుంచే ముక్కు కారడం, తడి దగ్గు, చెవిలో చీము, గుండె కుడివైపుండటం, ఇవన్నీ కలిస్తే గొట్టాల్లోని సన్నటి వెంట్రుకలు కదలని జబ్బు కావచ్చు. ఇంకొకటి, ముద్దుపెట్టుకుంటే ఒళ్ళు ఉప్పగా తగిలే బిడ్డ. ఎంత తిన్నా బరువు పెరగదు, జిడ్డుగా వాసనతో విరేచనం, మళ్ళీ మళ్ళీ నిమ్ము, ఎండాకాలంలో వాంతులు లేకపోయినా నీరసించి పడిపోవడం. ఇది సిస్టిక్ ఫైబ్రోసిస్, మన దేశంలో లేదనుకునేవాళ్ళు, ఉంది. చెమట పరీక్షతో తేలుతుంది. చేతి మీద మందు పెట్టి కొద్దిపాటి విద్యుత్తుతో చెమట పట్టించి, అర గంట సేకరించి క్లోరైడ్ కొలుస్తారు. సూది లేదు. 60 మిల్లీమోల్స్, ఆపైన వస్తే జబ్బు ఉన్నట్టు. 30కీ 60కీ మధ్య వస్తే మళ్ళీ చేయాలి, జన్యు పరీక్షా కావాలి. వేలి చివరలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా తిరిగాయంటే మాత్రం ఏ జబ్బయినా సరే ఆలస్యం చేయకండి, ఉబ్బసంలో వేళ్ళు అలా ఉబ్బవు.

ఇంట్లో మనం చేసే పనులు కొన్నున్నాయి. స్నానం చేయించాక చంటిబిడ్డకి సాంబ్రాణి పొగ పట్టడం. పెద్దవాళ్ళకి కోపం రావచ్చు, అయినా చెప్పాలి: వద్దు. జుట్టు తువ్వాలుతో ఆరుతుంది. ముక్కులో, గొంతులో నూనె, ఆముదం పోయడం అంతకంటే ప్రమాదం. నూనె దగ్గు తెప్పించకుండా నెమ్మదిగా ఊపిరితిత్తిలోకి జారిపోతుంది, అక్కడ నిలిచి నిమ్ము చేస్తుంది, యాంటీబయాటిక్‌కి లొంగదు. మూసిన గదిలో దోమల కాయిల్, సిగరెట్టు, ఇవి మీకు తెలిసినవే. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందుకి వెళ్ళే కుటుంబాలు ఇక్కడ ఉండే ఉంటాయి. అది పనిచేస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. వెళ్ళడం మానడం మీ ఇష్టం, కానీ బతికున్న కొర్రమీనుని చిన్నపిల్ల చేత మింగించకండి. దాన్ని నమ్మి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. ఆపిన వారానికే ఏమీ కాదు, జూలై వానల్లో జలుబు తగిలినప్పుడు తెలుస్తుంది.

స్పెషలిస్టు దగ్గరికి వచ్చేటప్పుడు ఇన్‌హేలర్, స్పేసర్ రెండూ సంచిలో వేసుకురండి, పేరు చెబితే చాలదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు, వీడియో, బరువులు రాసిన కార్డు కూడా. ఐదారేళ్ళు దాటిన పిల్ల అయితే ఊపిరి ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ, చేయొచ్చు. సాల్బుటమాల్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఊదిస్తాం, మొదటి సెకనులో ఊదిన గాలి మందు తర్వాత 12 శాతం పెరిగితే ఉబ్బసమనే అనుమానానికి బలం. ఆరోజు సాల్బుటమాల్ కనీసం నాలుగు గంటల ముందునుంచి వేయకుండా వస్తే లెక్క సరిగ్గా వస్తుంది. ఆయాసం ఉంటే మాత్రం వేసేయండి, పరీక్ష ఇంకోరోజు చేసుకోవచ్చు.

ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను. స్పేసర్ తెచ్చుకున్నవాళ్ళు ముందు ఇటు రండి. ఎలా ఇస్తున్నారో ఒక్కొక్కరూ చేసి చూపించండి.